ఏడో బాయిలో పన్నెండేళ్ళ సూది

కార్డు 1. గాలిదుమ్ముకు ఇంకా 74 రోజులు

ఆఫీసు దినచర్య పుస్తకంలో "అంతా సవ్యంగా ఉంది" అని రాసి వచ్చాను. అబద్ధం. అసలు సంగతులు ఇక్కడ రాస్తున్నాను, టీకా డబ్బాల అట్టలు చింపి, వాటి వెనక. ఆ పుస్తకం మేనేజరు చదువుతాడు. ఇవి నా పరుపు కింద ఉంటాయి.

పొద్దున ఐసుపెట్టె తెరిచి చూశాను, నాలుగు డిగ్రీలు. టీకా బాగానే ఉంది. నాలుగో గ్యాలరీలో ఫ్యాను మళ్ళీ ఆగింది, అక్కడ ముప్పై తొమ్మిది. వెళ్ళి బేరింగుకు గ్రీజు పెట్టి వచ్చాను. అది ఇప్పుడు నా పని కాదు, కానీ నేను చెయ్యకపోతే ఎవరూ చెయ్యరు. సూదిగదికి రాకముందు ఆరేళ్ళు ఫ్యాన్ల దగ్గరే ఉన్నాను. అక్షరాలు కూడా బడిలో కాదు, మోటారు పుస్తకాల్లో నేర్చుకున్నాను. ఆ పుస్తకాల్లో ఎవరూ ఎవర్నీ బతిమాలరు. మూత విప్పు, తీగ కలుపు, బిగించు. మనుషులతో కూడా అట్లాగే మాట్లాడాలని నా నమ్మకం.

ఈ ఏడు, నేల కింద మా ఏడో బాయిలో పన్నెండేళ్ళు నిండిన పిల్లలు నలభై ఒక్కమంది. పదమూడు రాకముందే సూది పడాలి. ఒళ్ళు ఎదిగాక అది పట్టదు. వేసిన నెలకు గాని పనిచెయ్యదు. అంటే గాలిదుమ్ముకు ముప్పై రోజులుండగానే అందరికీ వేసెయ్యాలి. పైన నేల మీద ఏటా వచ్చే ఆ దుమ్ము లేచిందంటే పెద్దవాళ్ళకు పది రోజుల దగ్గు. సూది లేని పిల్లలకు ఊపిరితిత్తుల్లో బూజు.

పోయిన ఏడు నలభైమందిలో ముప్పై తొమ్మిదిమంది చెయ్యి చాపారు. ఈ ఏడు ఇప్పటికి పద్నాలుగు. మిగతా తల్లులందరిదీ ఒకటే మాట, "సూద్దాం తియ్." మా బాయిలో ఎవరూ మొహం మీద వద్దనరు. సూద్దాం అంటే వద్దనే.

కొత్త డాక్టరు సలోమి తీరం వైపు పడవ ఊళ్ళ నుంచి వచ్చి ఎనిమిది రోజులైంది. మా తల్లులతో ఎలా మాట్లాడాలో ఆమెకు నేర్పమని మేనేజరు కైలాసం నాకు పురమాయించాడు. నాకంటే రెండేళ్ళు పెద్దది. నన్ను "సారక్క గారూ" అంటుంది. ఆ "గారూ" విని వరసలో నిలబడ్డవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటున్నారు.

ఇవాళ మా పక్క గది కొంరక్క కూతురు చినుకును వెంటబెట్టుకుని వచ్చింది. సలోమి చక్కగానే మొదలుపెట్టింది. "పాపకి ఇవాళ సూది వేస్తామండీ" అంది. కొంరక్క నేల చూస్తూ "సూద్దాం తియ్ డాక్టరమ్మా" అంది. సలోమి చేతిలో పెన్ను కింద పెట్టింది. "ఎందుకు ఆగుతున్నారో చెప్పండమ్మా. నేను వింటాను."

నేను బల్ల కింద కాలితో తన్నాను.

వాళ్ళు వెళ్ళాక సలోమి కాలు రుద్దుకుంటూ, "తన్నారేంటండీ, వాచిపోయింది" అంది.

"అట్ల అడుగుతరా ఎవరన్న? కారణం అడిగితే లేని కారణం సుత పుట్టుకొస్తది. ఒకామె జ్వరమంటది, ఒకామె దేవునికి మొక్కుకున్ననంటది. పొద్దుగూకేదాంక వినుకుంట కూసుంటరా?"

"మొదట సూది అని సూటిగా చెప్పెయ్యాలి, అందులో మీ పద్ధతే కరెక్టు. చాలామంది చెయ్యి చాపేస్తారు. కానీ ఆగిపోయినవాళ్ళని అడగాలి కదండీ?"

"ఆగినోళ్ళను భయపెట్టాలె. పైకి పోతే సస్తరు అని చెప్పాలె. గంతే."

"దుమ్ము బట్టల మీద కిందికి కూడా దిగొచ్చు. మా వైపు ఒకసారి అలా జరిగింది. అది కూడా..."

"రెండు ముచ్చట్లు చెప్తే ఒక్కటి సుత గుర్తుండదు డాక్టరమ్మా. పైకి పోతే సస్తరు. అదొక్కటే చాలు."

ఆమె తలూపి కాగితం మీద రాసుకుంది. నేను నేర్పినట్టే నేర్చుకుంటోంది.

కార్డు 2. ఇంకా 68 రోజులు

కొంరక్క బట్టల గదిలో పనిచేస్తుంది. పైనుంచి దిగినవాళ్ళ బట్టలు దులిపి, ఉతికి, మర్నాటికి అందించాలి. మొగుడు లేడు. పెద్దకొడుకు మొండి పన్నెండో ఏట లిఫ్టెక్కాడు. పదిహేనో ఏట అద్దాల వెలుగుకు రెండు కళ్ళూ మాడిపోయి దిగాడు. ఇప్పుడు పొద్దంతా గోడకానుకుని తాళ్ళు పేనుతాడు. మా ఫ్యాన్లు తిరగాలంటే పైన ఎండను పట్టే అద్దాలు మెరవాలి, అద్దాల వరసల మధ్య పెద్దవాళ్ళ ఒళ్ళు పట్టదు. అందుకే పన్నెండు నుంచి పదహారు లోపు పిల్లలు తుడుస్తారు. ఇది అందరికీ తెలిసిందే, రాయడం దండగ.

కళ్ళున్నప్పుడు మొండి చెల్లె కోసం పైనుంచి ఏదో ఒకటి జేబులో వేసుకొచ్చేవాడు. ఎండిన చింతాకు, పిట్ట గుడ్డు పెంకు, తూనీగ రెక్క. చినుకు వాటన్నిటినీ రేకుడబ్బాలో దాచుకుంది. ఇవాళ సాయంత్రం ఆ డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"అక్కా, ఈ రెక్కకు గన్ని గళ్ళు ఎందుకుంటయే?"

"నాకేం ఎరుక. మీ అన్నను అడుగు."

"అన్న యాదిజేసుకుంట చెప్తడు, ఒక్కోసారి ఒక్కోటి చెప్తడు. నేనే పోయి సూసొస్త. నాకు సూదెయ్యమని మా అవ్వకు చెప్పరాదు?"

"చెప్తనే ఉన్నగదా."

"నువ్వు చెప్పవు, కొట్లాడుతవ్. నీకు కోపమొస్తె నాలుగో గ్యాలరీ ఫ్యాను లెక్క మోగుతవ్. అవ్వ చెవులు మూసుకుంటది."

నెత్తి మీద ఒక్కటిచ్చాను. నవ్వుతూ పారిపోయింది. దానికి పైన సంగతి ఏమీ తెలియదు. దానికి తెలిసిన ఆకాశం ఆ డబ్బాలో పట్టేంతే.

కార్డు 4. ఇంకా 55 రోజులు

పంతొమ్మిది అయ్యారు. ఇంకా ఇరవై రెండు. ఇవాళ సలోమి అడిగింది, పోయిన ఏడు సూది పడని ఆ ఒక్కడు ఎవరని.

మా తమ్ముడు సాంబడు. సూది రోజున వాడికి జ్వరం. తగ్గాక వేద్దామన్నారు. తగ్గేసరికి వరస దాటిపోయింది, పేరు ఎవరి కాగితాల్లోనో అడుగునపడింది. లిఫ్టు మాత్రం వాడి పేరు మరవలేదు. దుమ్ము లేవడానికి రెండు రోజుల ముందు పైకి తీసుకెళ్ళింది. దగ్గు మొదలయ్యాక తొమ్మిది రోజులు బతికాడు. చివరి మూడు రోజులు వాణ్ణి కూర్చోబెట్టి నా వీపుకు ఆనించుకున్నాను, పడుకుంటే ఊపిరి ఆడేది కాదు.

తర్వాత నేను లిఫ్టు తలుపుకు అడ్డంగా కూర్చున్నాను. మూడు రోజులు. తొక్కుకుంటూ పొమ్మన్నాను. చివరికి కైలాసం ఒప్పుకున్నాడు. సూది పుస్తకంలో పేరున్న పిల్లలనే పైకి పంపుతారు, పేరు లేని పిల్లను పంపరు. ఆ నియమాన్ని తెల్లరంగుతో లిఫ్టు తలుపు మీద నేనే రాశాను. నా జీవితంలో నేను గెలిచింది అదొక్కటే.

సలోమి అంతా విని పాత సూది పుస్తకం తిరగేసింది. తర్వాత, "పోయినేడు అందరూ వేయించుకున్నారు. ఈ ఏడు ఆగిపోయారు. మధ్యలో ఏం మారిందండీ?" అంది.

"మందబుద్ధి పెరిగింది" అన్నాను.

కార్డు 6. ఇంకా 33 రోజులు

నీళ్ళ వరసలో కొంరక్కను పట్టుకున్నాను. మూడే రోజులు మిగిలాయి. అందరిముందే అడిగాను.

"ఏందక్కా, సూద్దాం సూద్దాం అని ఇంకెన్నడు సూస్తవ్? పీనుగను సూస్తవా?"

"మెల్లగ మాట్లాడు సారక్కా. పోరి ఇంటున్నది."

"ఇననీ! నా తమ్ముడెట్ల సచ్చిండో నీకు తెల్వదా? నా వీపు మీద సచ్చిండు. పైకి పోయి, ఆ దుమ్ము పీల్చి సచ్చిండు. పైకి పోతే నీ బిడ్డ సుత గట్లనే..."

"పైకి పోతెనే గదా" అంది కొంరక్క.

మాట మధ్యలో పట్టుకుంది. నేను ఆగలేదు. "కన్నబిడ్డను చేతులార సంపుకునే తల్లిని నిన్నే సూస్తున్న" అన్నాను. ఎవరో ఒకామె "నిజమే గదా" అంది. కొంరక్క బిందె సగం కూడా నిండకుండానే ఎత్తుకుని వెళ్ళిపోయింది. చినుకు నావైపు ఒకసారి చూసి తల్లి వెనకాలే వెళ్ళింది.

వరసలో అందరూ నావైపే ఉన్నారు. నేను గెలిచాననుకున్నాను. సాయంత్రం సూదిగదిలో ఇద్దరు తల్లులు సూది వేయించారు. ఇరవై ఒకటి. కొంరక్క రాలేదు.

కార్డు 7. ఇంకా 30 రోజులు

ఇవాళే ఆఖరు.

మధ్యాహ్నం అన్నం వేళ చినుకు ఒక్కతే వచ్చింది. జుట్టు తడిపి దువ్వుకుంది. కుర్చీలో కూర్చుని ఎడమ చెయ్యి చాపింది.

"ఎయ్యక్కా. అవ్వ ఉతుకుతాంది. రాదు."

నేను సీసా తీశాను. సూదిలో మందు ఎక్కించాను. దాని చేతి మీద దూదితో తుడిచాను. చర్మం మీద బొడిపెలు లేచాయి. అది కళ్ళు గట్టిగా మూసుకుని, "అయిపోయినంక చెప్పు" అంది.

సలోమి నా మణికట్టు పట్టుకుంది.

"తల్లికి తెలియకుండా వేస్తే రేపటినుంచి ఈ గదికి ఏ తల్లీ రాదు. ఈ ఏడే కాదు, ఎప్పటికీ రాదు."

"రాకుంటె రాకపోనీ. ఈ పోరి బతుకుతది."

"మిగిలినవాళ్ళో?"

ఆమె మాట నిజమే. నిజమని తెలిసి ఇంకా మండింది. సూది పక్కన పడేశాను. చినుకు కళ్ళు తెరిచి, "అయిపోయిందా? నొప్పే లేదు" అంది.

కాలేదని చెప్పాల్సి వచ్చింది. "పోయి మీ అవ్వను తోల్కరా" అన్నాను. వెళ్ళింది. సాయంత్రం అయిదింటిదాకా తలుపు తెరిచే ఉంచాము. ఎవరూ రాలేదు.

కార్డు 8. ఇంకా 18 రోజులు

ఇవాళ సలోమి నాకు చెప్పకుండా బట్టల గదికి వెళ్ళింది. కోటు విప్పేసి, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, కొంరక్క పక్కన కూర్చుని రెండు గంటలు బట్టలు పిండిందట. చేతులు ఎర్రగా పొంగిపోయి వచ్చింది. నా ఎదురుగా కూర్చుంది.

"అడిగాను" అంది.

"ఏమన్నది?"

"చాలాసేపు ఏమీ అనలేదు. నేనూ ఊరుకున్నాను. తర్వాత అంది, 'సూది మంచిదే డాక్టరమ్మా, నా పెద్దోనికప్పుడు ఉంటె ఏయించేదాన్నే. సూదితోని నాకు కొట్లాట లేదు. సూది ఏసుకుంటె పేరు పుస్తకంల ఎక్కుతది. పుస్తకంల ఎక్కితె లిఫ్టు ఎక్కాలె. ఒక్కని కండ్లు ఇచ్చిన. ఇంకొక్కదానివి ఇయ్య.'"

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి నిలబడ్డాను.

"మిగతా పందొమ్మిది మంది తల్లుల్లో చాలామందిదీ అదే మాటట. బట్టల గదిలో అందరికీ తెలుసు. పేరు లేని పిల్లను పైకి పంపరని తలుపు మీదే రాసుంది కదా అంటున్నారు. సూది వేయించకపోతే పిల్ల కిందే ఉంటుంది, కిందుంటే దుమ్ము తగలదు. పైకి పోతేనే కదా చచ్చేది అని..."

"అది నేను చెప్పిన మాట" అన్నాను.

సలోమి ఎర్రబడ్డ చేతులు ఒళ్ళో ముడుచుకుంది.

నాకు కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఇన్నాళ్ళూ చదువులేదని, మూఢులని, మందబుద్ధులని ఆ తల్లులను తిట్టాను. వాళ్ళు నా నియమాన్ని నాకంటే బాగా చదివారు. నేను దాన్ని పిల్లలు చావకుండా రాశాను. వాళ్ళు దాన్ని పిల్లలు కళ్ళు పోగొట్టుకోకుండా వాడుకున్నారు. మొదటిరోజే సలోమి అడగబోయింది. నేను తన్నాను.

కార్డు 9. ఇంకా 17 రోజులు

పొద్దున్నే కైలాసం దగ్గరికి వెళ్ళాను. సూది పుస్తకం వేరు, లిఫ్టు పట్టీ వేరు చెయ్యమన్నాను. సూది వేసుకున్నంత మాత్రాన పిల్లను పైకి పంపొద్దన్నాను.

ఆయన చెడ్డవాడు కాదు. అదే బాధ. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "సారక్కా, నువ్వు ఫ్యాన్ల కాడ పనిజేసినదానివి. అద్దాలు తుడవకుంటె ఎన్ని రోజులు తిరుగుతయో నువ్వే చెప్పు."

"నాలుగు రోజులు."

"అయిదో రోజు బాయిల ఎంతమంది మిగులుతం?"

లేచి బయటికి వచ్చాను. నేరుగా కొంరక్క గదికి వెళ్ళాను. మొండి తాడు పేనుతూ అడుగుల చప్పుడు విని, "సారక్క అచ్చింది అవ్వా. కొట్లాటకు తయారుగుండు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

నేను గడపలోనే కూర్చున్నాను. "కొంరక్కా, సూదేస్త. పుస్తకంల రాయ. సీసా పగిలిపోయిందని డాక్టరమ్మ లెక్క చూపిస్తది. చినుకు పేరు లిఫ్టుకు పోదు. నా మీద ఒట్టు."

ఆమె చేతిలో తడిగుడ్డ అట్లాగే ఉండిపోయింది.

"గట్ల ఎయ్యొచ్చా?"

"దొరికితె నా పని పోతది. ఎయ్యొచ్చు."

"మరి ముందుగాల ఎందుకు చెప్పలేదే?"

"నువ్వు ఎందుకొద్దంటున్నవో నాకు తెల్వదు గదక్కా."

"నన్ను అడిగినవా?" అంది. తిట్టినట్టు కూడా అనలేదు. నిజంగా గుర్తుచేసుకుంటున్నట్టు అడిగింది. "అందరిముందర అరిచినవ్ గని, ఎందుకే కొంరక్కా అని ఒక్కనాడన్న అడిగినవా?"

అప్పుడే చెప్పాను, దుమ్ము బట్టల మీద కూడా దిగొచ్చని. సలోమి చెప్పిందని, నేనే చెప్పనియ్యలేదని. ఆమె తన చేతులకేసి చూసుకుంది. తర్వాత చినుకును పిలిచింది. అది ఈసారి కళ్ళు మూసుకోలేదు.

పదిహేడు రోజులు. సూదికి ముప్పై కావాలి. సలోమి అంటుంది, ఒక్కోసారి సగం పట్టినా కాపాడుతుందని. "ఒక్కోసారి అంటే నూరుల ఎన్ని?" అన్నాను. "అడగకండి సారక్క గారూ" అంది.

కార్డు 10. ఇంకా 11 రోజులు

మాట బట్టల గది నుంచి గది గదికీ పాకింది. ఒక్కొక్క తల్లీ ఏదో పని మీద వచ్చినట్టు వచ్చింది. ఒకామె పిడి ఊడిన గిన్నె పట్టుకుని, బాగుచేస్తావా అంటూ వచ్చింది. ఇప్పుడు నేను ముందు అడుగుతున్నాను. అడిగి నోరు మూసుకుంటున్నాను. నాకు అది ఫ్యాను ఎత్తడంకంటే కష్టం. పదహారుమంది పిల్లలకు వేశాము, చినుకు కాక. ముగ్గురు తల్లులు వినికూడా వద్దన్నారు. ఎందుకో చెప్పారు. వాళ్ళ కారణాలు వేరు. విన్నాను. వచ్చే నెల మళ్ళీ వెళ్తాను.

ఈ పదహారుమందిలో ఎవరి ఇంట్లోనూ బట్టల గది పనివాళ్ళు లేరు. సలోమి పేరు పేరునా చూసింది. ఈ దుమ్ము వాళ్ళను తాకకుండా దాటితే, తర్వాతి ఏళ్ళకు భయం లేదంది.

కొంరక్క వేరే పని ఇమ్మని అడిగింది. దుమ్ము రోజుల్లో బట్టలు మూడింతలవుతాయి, మనిషిని వదలలేమన్నారు. అందుకని ఆమె నా గదిలో పడుకుంటోంది, కూతురికి దూరంగా. రెండు గదుల మధ్య రేకు గోడ. పొద్దున లేవగానే ఇటునుంచి ఆమె వేలితో కొడుతుంది. అటునుంచి చినుకు కొడుతుంది. తర్వాత పనికి వెళ్తుంది.

కార్డు 11. గాలిదుమ్ము వచ్చి 5 రోజులు

పైన ఏమీ కనిపించడం లేదట. బట్టలు ఎర్రగా దిగుతున్నాయి. కొంరక్క పనయ్యాక మూడుసార్లు స్నానం చేస్తోంది. తన వంతు తాగేనీళ్ళు కూడా ఒంటిమీదే పోసుకుంటోంది.

పొద్దున గోడ మీద చినుకు కొట్టిన తర్వాత దగ్గు వినిపించింది. ఒక్కటే. కొంరక్క నావైపు చూసింది. ఇద్దరమూ గోడకు చెవి ఆనించి నిలబడ్డాము. చాలాసేపు ఏమీ వినిపించలేదు.

తర్వాత రెండోది.

కార్డు 12. 9 రోజులు

మొండి చెల్లెను వీపుకు ఆనించుకుని కూర్చున్నాడు. ఎట్లా కూర్చోవాలో నేనే చూపించాను. చినుకు రేకుడబ్బాలోవి ఒక్కొక్కటే తీసి అన్న చేతిలో పెడుతోంది, అతను వేళ్ళతో తడిమి ఏమిటో చెప్పాలి. పిట్ట పెంకు చెప్పాడు. చింతాకు చెప్పాడు. తూనీగ రెక్క దగ్గర తప్పు చెప్పాడు, కావాలనే. దానికి నవ్వు వచ్చింది, నవ్వుతో దగ్గు వచ్చింది. ఇక ఆట ఆపేశాడు.

సలోమి ఉన్న మందంతా ఇచ్చింది. సగం పట్టిన సూది నాలుగు రోజులు ఎక్కువ ఇస్తుందేమో అంటుంది. నాలుగు రోజులు.

కొంరక్క ఇప్పుడు దూరంగా ఉండటం లేదు. దాని పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి జరిగి చోటిచ్చింది. తిడుతుందేమోనని చూశాను. తిడితే బాగుండేది.

"నాకు సూది పడ్డది గదక్కా" అంది చినుకు. "మరెందుకిట్లయింది?"

అబద్ధం చెప్పాలనిపించింది. "ఆలస్యమైంది బిడ్డా. నేను ఆలస్యం జేసిన" అన్నాను.

అది కొంచెంసేపు ఆలోచించింది. "నువ్వెందుకు చేస్తవ్? నువ్వు ఆనాడే ఎయ్యబోతివి" అంది.

కార్డు 13. 18 రోజులు

మొదటి షిఫ్టు మొదలయ్యే వేళకు చినుకు పోయింది. సాంబడికంటే నాలుగు రోజులు ఎక్కువ బతికింది. సలోమి లెక్క సరిగ్గా ఉంది.

మొండికి ముందు తెలిసింది. వీపు మీద బరువు మారిందన్నాడు.

కార్డు 14. 20 రోజులు

పిల్ల పోతే సూదిగది ఒక కాగితం నింపాలి. కారణం దగ్గర మూడు మాటలు అచ్చువేసి ఉంటాయి, ఒకటి రాసి సంతకం పెట్టాలి. టీకా లోపం. సూదిగది నిర్లక్ష్యం. తల్లి నిరాకరణ.

నేను రెండోది రాయబోయాను. కింద నా పేరు పూర్తిగా, మా నాయిన పేరుతో సహా రాయాలనుకున్నాను. సలోమి కాగితం మీద చెయ్యి పెట్టింది. ఆమె ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"మొదటి రెండింట్లో ఏది రాసినా విచారణకి వస్తారు. సీసాలు లెక్కపెడతారు. పేరు లేని పిల్లలందరి రక్తం చూస్తారు. సూది పడ్డవాళ్ళు పదహారుమంది తేలతారు. వారంలో లిఫ్టెక్కిస్తారు."

మూడోది రాస్తే ఎవరూ రారు. ఆ మాట పడిన తల్లి పేరు మాత్రం లిఫ్టు పక్కన బోర్డు మీద ఏడాదిపాటు ఉంటుంది. రోజూ రెండు షిఫ్టులూ దాని ముందునుంచే పోతాయి.

నేను ఆ కాగితం తీసుకుని కొంరక్క దగ్గరికి వెళ్ళాను. వెనకాలే హాజరు గుమాస్తా వచ్చాడు, సంతకం చూసి తీసుకుపోవడానికి. గడప బయట నిలబడ్డాడు. పక్క గదుల ఆడవాళ్ళు కూడా గుమిగూడారు.

గదిలో చినుకు బట్టలు ఉతికి ఆరేసి ఉన్నాయి. కొంరక్క వాటి కింద కూర్చుని ఉంది. నేను గొంతు తగ్గించి మొత్తం చెప్పాను. మూడు మాటలూ చెప్పాను. ఏది రాస్తే ఏమవుతుందో చెప్పాను. నేను రెండోది రాస్తానన్నాను, పని పోయినా సరే, నన్ను వెళ్ళగొట్టినా సరే అన్నాను. తర్వాత అడిగాను.

"ఏం రాయాలె, కొంరక్కా?"

అడిగి ఊరుకున్నాను. ఆమె పైన ఆరేసిన బట్ట అంచు సరిచేసింది.

"పదహారుమందా?" అంది.

"పదహారుమంది."

"గిన్నె పట్టుకుని అచ్చిన ఆమె బిడ్డ సుతనా?"

"ఆ."

"రాయి."

"ఏది రాయాలెనక్కా?"

"నాది రాయి."

"నువ్వు సంపలేదు" అన్నాను. "నీకు తెలుసు. నాకు తెలుసు."

"మనిద్దరికి తెలిస్తే చాలు గని, రాయి."

రాశాను. తల్లి నిరాకరణ. నా అక్షరాలు ఎప్పుడూ పెద్దగా, సూటిగా ఉంటాయి. ఇవీ అట్లాగే వచ్చాయి.

"చదువు" అంది.

చదివాను.

ఆమె గడపవైపు చూసింది. గుమాస్తా లోపలికి మెడ చాచి ఉన్నాడు.

"నీళ్ళ వరసల అరిచినవ్ సూడు, గట్ల చదువు" అంది కొంరక్క. "వానికి ఇనబడాలె."

గొంతెత్తి చదివాను. బయట ఎవరో ఉలిక్కిపడ్డారు. కొంరక్క తల అడ్డంగా ఊపింది.

"ఇంకా గట్టిగ" అంది.